ట్రంకాల్ నుంచి ఆస్టరిస్క్ దాకా: కామారెడ్డి ప్రాంతంలో ఎక్స్చేంజి చరిత్ర

రాజంపేట, కామారెడ్డి పరిసరాల్లో ల్యాండ్‌లైన్ నంబరుకు ముందు 08468 అనే ఎస్టీడీ కోడ్ ఉంటుంది. పక్కనున్న ఎల్లారెడ్డి కోడ్ 08465, బాన్సువాడది 08466, బోధన్‌ది 08467, నిజామాబాద్‌ది 08462. చివరి అంకె తప్ప మిగతావన్నీ ఒకటే కావడానికి కారణం ఇవన్నీ పాత నిజామాబాద్ జిల్లాలోని ఊళ్లు కావడం. టెలిఫోను శాఖ దేశాన్ని 2,600కు పైగా చిన్న చార్జింగ్ ప్రాంతాలుగా విడదీసినప్పుడు చాలాచోట్ల తాలూకా హద్దులనే ఆధారం చేసుకుంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడింది, రాజంపేట అందులో ఒక మండలమైంది. టెలిఫోను కోడ్ మాత్రం తాలూకాల కాలం నాటిదే మిగిలింది. నేడు ఈ ప్రాంతంలో ఒక కార్యాలయం ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సొంత టెలిఫోను సర్వర్ పెట్టుకున్నా, దాని ఫైళ్లలో ముందుగా రాయవలసిన అంకెల్లో ఈ కోడ్ ఒకటి. ఆ సర్వర్ ఎలా పుట్టిందో, ఆదేశాలు టైపు చేసి దాన్ని నడపడం ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే ఎక్స్చేంజిని ఎవరెవరు నడిపారో వరుసగా చూడాలి.

భారతదేశంలో తొలి టెలిఫోను ఎక్స్చేంజీలు 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో మొదలయ్యాయి. హైదరాబాద్ సంస్థానానికి తపాలా లాగే టెలిఫోను వ్యవస్థ కూడా సొంతంగా ఉండేది. 1950 ఏప్రిల్‌లో సంస్థానపు ఆర్థిక వ్యవస్థ కేంద్రంతో కలిసిపోయాక ఈ శాఖలు కేంద్ర తంతి తపాలా శాఖ కిందికి వచ్చాయి. పల్లెలకు ఫోను చేరింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. చేరినచోట కూడా అది పోస్టాఫీసులో ఉండే ఒక్క పబ్లిక్ కాల్ ఆఫీసు మాత్రమే.

ఆ రోజుల్లో ఎక్స్చేంజి అంటే ఒక బోర్డు, దాని ముందు ఒక మనిషి. చందాదారు తన పెట్టె పక్కనున్న పిడిని తిప్పితే బోర్డు మీద అతని లైనుకు చెందిన చిన్న మూత కింద పడేది. ఆపరేటరు ఆ రంధ్రంలో ప్లగ్గు గుచ్చి నంబరు అడిగి, రెండో ప్లగ్గును అవతలి చందాదారు రంధ్రంలో గుచ్చి గంట కొట్టేవారు. మాటలు మొదలయ్యాయో లేదో విని, ముగిశాక ప్లగ్గులు పీకేసేవారు. దూరపు ఊరికైతే ట్రంకాల్ బుక్ చేయాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు తరగతులు, తరగతిని బట్టి రేటు. ఫలానా మనిషే మాట్లాడాలంటే పీపీ కాల్. ఊరి ఎక్స్చేంజి పై ఎక్స్చేంజిని, అది ఇంకా పైదాన్ని పిలుచుకుంటూ పోవాలి గనుక మధ్యలో ఏ ఒక్క లైను ఖాళీ లేకపోయినా కాల్ ఆగిపోయేది. బెల్లం వ్యాపారానికి పేరుబడ్డ కామారెడ్డి గంజ్ వంటి చోట్ల ధర తెలుసుకోవడానికి వర్తకుడు గంటల తరబడి ఫోను పక్కనే కూర్చోవలసి రావడం ఈ పద్ధతి ఫలితం. అయితే ఈ పద్ధతికి ఒక గుణం ఉంది: ఏ కాల్ ఎక్కడిదాకా వెళ్లింది, ఎక్కడ ఆగింది అన్నది నడిపే మనిషికి కళ్ల ముందే కనిపించేది.

ఆటోమేటిక్ ఎక్స్చేంజీలతో ఆ మనిషి పక్కకు తప్పుకున్నాడు. దేశంలో తొలి ఎస్టీడీ సేవ 1960 నవంబరులో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది. డయలు తిప్పినప్పుడు వచ్చే విద్యుత్ పల్సులకు ఎక్స్చేంజిలోని స్విచ్చులు మెట్టు మెట్టుగా కదిలి దారి కలిపేవి. ఏ అంకెకు ఏ దారి అన్నది తీగల అల్లికలోనే ఉండేది. దారి మార్చాలంటే తీగ విప్పి మరోచోట కట్టాలి.

1965లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఒక ఎక్స్చేంజి ఈ లెక్కను మార్చింది. దారులు తీగల్లో కాక కంప్యూటరు జ్ఞాపకంలో ప్రోగ్రాముగా ఉన్నాయి. ఉద్యోగి టెలిప్రింటరు ముందు కూర్చుని ఆదేశం టైపు చేస్తే యంత్రం జవాబు అచ్చు వేసేది. అలాంటి ఆదేశాలకు ఒక ఉమ్మడి రూపం ఉండాలని అంతర్జాతీయ టెలిఫోను సంఘం సీసీఐటీటీ మనిషికీ యంత్రానికీ మధ్య భాష ఒకదాన్ని ప్రమాణంగా రూపొందించింది. కాబట్టి టెలిఫోనును కమాండ్ లైన్ నుంచి నడపడం ఇంటర్నెట్ కాలపు ఆలోచన కాదు. ఎక్స్చేంజి ఇంజినీర్లు దశాబ్దాల పాటు చేస్తూ వచ్చిన పని అది. ఆ గదిలోకి బయటివాళ్లకు ప్రవేశం లేదు, ఆ ప్రోగ్రాము చదివే వీలు ఎవరికీ లేదు. అంతే తేడా.

తెలంగాణ పల్లెలకు ఆటోమేటిక్ ఫోను తెచ్చిన ఘనత చాలావరకు సీ-డాట్‌ది. 1984 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఈ సంస్థను స్థాపించింది, దాని వెనుక ప్రధాన ప్రేరణ శామ్ పిట్రోడా. విదేశీ ఎక్స్చేంజీలకు చల్లని గది కావాలి, దుమ్ము పడకూడదు, కరెంటు పోకూడదు. ఈ మూడూ పల్లెలో దొరకవు. సీ-డాట్ ఇంజినీర్లు 128 పోర్టుల గ్రామీణ ఆటోమేటిక్ ఎక్స్చేంజిని ఏసీ లేకుండా పనిచేసేలా తయారు చేశారు. తొలి ఎక్స్చేంజి 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదలైంది. ఒక బీరువా అంత పెట్టె, దానికి 48 వోల్టుల బ్యాటరీలు, గదికి ఒక కిటికీ ఉంటే చాలు. ర్యాక్స్ అని పిలిచే ఈ పెట్టెలు తర్వాతి ఏళ్లలో దేశమంతటా మండల కేంద్రాలకు, పెద్ద గ్రామాలకు చేరాయి. దేశీయ ఇంజినీరింగు సాధించిన గొప్ప విజయాల్లో దీన్ని ముందు వరుసలో చెప్పుకోవాలి. వాతావరణాన్ని యంత్రానికి అనుకూలంగా మార్చమని అడగకుండా, ఉన్న వాతావరణానికి తగ్గ యంత్రాన్ని కట్టారు.

ర్యాక్స్‌ల వెంట పసుపు రంగు ఎస్టీడీ, ఐఎస్డీ బూత్‌లు వచ్చాయి. నిజామాబాద్, కామారెడ్డి, కరీంనగర్ ప్రాంతాల నుంచి దుబాయి, సౌదీ, మస్కట్‌లకు వలస వెళ్లిన కుటుంబాలకు ఈ బూత్‌లే ఆధారం. అంతకుముందు మాటలు క్యాసెట్లలో రికార్డు చేసి తిరిగి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. బూత్‌లో ఎర్రటి అంకెల మీటరు తిరుగుతుంటే ముఖ్యమైన నాలుగు మాటలు చెప్పి పెట్టేసేవారు. విదేశీ కాల్స్ మీద విదేశ్ సంచార్ నిగమ్‌కు ఉన్న గుత్తాధికారం 2002 ఏప్రిల్ 1న ముగిసింది. అదే రోజు ప్రభుత్వం ఇంటర్నెట్ టెలిఫోనును పరిమితంగా అనుమతించింది. ఇంటర్నెట్ కాల్‌ను దేశంలోని మామూలు టెలిఫోను నెట్‌వర్క్‌లోకి కలపకూడదన్నది అందులోని ప్రధానమైన షరతు.

అప్పటికి మూడేళ్ల ముందే, 1999లో, అమెరికాలోని అలబామాలో మార్క్ స్పెన్సర్ అనే విద్యార్థి లినక్స్ వాడేవాళ్లకు ఫోను మీద సాయం చేసే చిన్న కంపెనీ పెట్టాడు. కాల్స్‌ను తగిన మనిషికి మళ్లించే ఆఫీసు ఎక్స్చేంజి కొనడానికి అతని దగ్గర డబ్బు లేదు. ఆ పని చేసే ప్రోగ్రామును తానే రాశాడు. కంప్యూటర్ ఆదేశాల్లో నక్షత్రం గుర్తు ఏ పేరుకైనా సరిపోతుంది గనుక దానికి ఆ గుర్తు ఇంగ్లీషు పేరైన ఆస్టరిస్క్ అని పేరు పెట్టాడు. మూలరాతను జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ విడుదల చేశాడు. జిమ్ డిక్సన్ అనే మరో ఇంజినీరు మామూలు కంప్యూటరును టెలిఫోను లైనుకు కలిపే కార్డును చవకగా తయారు చేసి, దాని నమూనాను కూడా బహిరంగం చేశాడు. ఆ ప్రయత్నానికి అతను మెక్సికో రైతు విప్లవకారుడు జపాటా పేరు పెట్టుకున్నాడు. ప్రోగ్రాము, కార్డు కలవడంతో ఎక్స్చేంజి మామూలు కంప్యూటరు డబ్బాలోకి వచ్చింది. స్పెన్సర్ కంపెనీ తర్వాత డిజియం అయింది, 2018లో దాన్ని సాంగోమా కొన్నది. ఆస్టరిస్క్ 1.0 వెలువడింది 2004లో.

హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమయ్యాయి, తర్వాతి దశాబ్దంలో కాల్ సెంటర్లు పెరిగాయి. పెద్ద సంస్థలు ఖరీదైన విదేశీ ఎక్స్చేంజీలు కొన్నాయి. ఆ స్తోమత లేని చిన్న సంస్థలకు ఆస్టరిస్క్, దాని మీద కట్టిన విసీడయల్ వంటి ఉచిత డయలర్లు అందుబాటులోకి వచ్చాయి. అమీర్‌పేట కోచింగు సెంటర్లలో లినక్స్ నేర్చుకున్న కుర్రాళ్లకు ఇది కొత్త పని తెచ్చిపెట్టింది. ఎక్స్చేంజి నడపడానికి టెలిఫోను శాఖ ఉద్యోగం అక్కర్లేని కాలం అలా మొదలైంది.

ఆస్టరిస్క్‌కు తెర మీద మీటలు, బొమ్మలు పెట్టే ముసుగులు చాలా వచ్చాయి. కానీ దాని అసలు గది నల్లటి తెరే. నడుస్తున్న సర్వర్‌లోకి 'ఆస్టరిస్క్ -ఆర్' అని ప్రవేశిస్తే యంత్రం పేరు, నక్షత్రం గుర్తు, సీఎల్ఐ అన్న అక్షరాలు వరుసగా కనిపించి, ఆదేశం కోసం కర్సరు ఆగుతుంది. '-ఆర్' పక్కన 'వీ' అక్షరాన్ని ఎన్నిసార్లు చేరిస్తే అంత వివరంగా కాల్స్ నడక తెర మీద పారుతుంది: ఫలానా అంతర్గత నంబరు నుంచి కాల్ వచ్చింది, ఫలానా వరుస అమలైంది, అవతల మోగుతోంది, ఎత్తారు, పెట్టేశారు. ప్లగ్గు బోర్డు ముందు కూర్చున్న ఆపరేటరుకు కనిపించి, ఆటోమేటిక్ యంత్రాల కాలంలో మాయమైన దృశ్యం ఇదే.

'కోర్ షో చానెల్స్' అంటే ఆ క్షణాన నడుస్తున్న లైన్లన్నీ పట్టికగా వస్తాయి. కింద ఇప్పుడు ఎన్ని కాల్స్ ఉన్నాయో, సర్వర్ మొదలైనప్పటినుంచి మొత్తం ఎన్ని జరిగాయో లెక్క ఉంటుంది. సర్వర్‌ను ఆపే ఆదేశాలు మూడు రకాలు కావడం గమనించదగ్గ విషయం. 'కోర్ స్టాప్ నౌ' అంటే మాట మధ్యలో ఉన్నా తెగిపోతుంది. 'కోర్ స్టాప్ గ్రేస్‌ఫులీ' అంటే కొత్త కాల్స్ తీసుకోదు, ఉన్నవి ముగిశాక ఆగుతుంది. 'కోర్ స్టాప్ వెన్ కన్వీనియంట్' అంటే కొత్తవి కూడా తీసుకుంటూనే, ఒక్క కాల్ కూడా లేని క్షణం దొరికినప్పుడు ఆగుతుంది. మాట్లాడుకునేవాళ్ల సంభాషణకు ఇచ్చిన గౌరవం ఈ మూడు వరుసల తేడాలో ఉంది. ఈ తెర నుంచి బయటికి రావడానికి 'ఎగ్జిట్' చాలు. సర్వర్ దానిపాటికి అది నడుస్తూనే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు బయటికి రావడానికీ సర్వర్‌ను ఆపడానికీ తేడా తెలియక ఆఫీసు మొత్తం ఫోన్లు ఆపేయడం ఈ వృత్తిలో పాతకాలం నుంచి ఉన్న ప్రమాదం.

కాల్స్‌కు దారి చూపేది డయల్‌ప్లాన్ అనే ఫైలు. అందులో నమూనాలు రాస్తారు: ఎక్స్ అంటే 0 నుంచి 9 వరకు ఏ అంకైనా, జెడ్ అంటే 1 నుంచి 9, ఎన్ అంటే 2 నుంచి 9. కామారెడ్డి ప్రాంతంలో స్థానిక నంబరు ఆరంకెలు, బీఎస్ఎన్ఎల్ నంబరైతే 2తో మొదలవుతుంది. కాబట్టి 2, తర్వాత అయిదు ఎక్స్‌లు అని రాసిన నమూనా స్థానిక కాల్స్‌ను పట్టుకుంటుంది. ఆ కాల్ స్థానిక బీఎస్ఎన్ఎల్ లైను మీద పోతే అంకెలు అలాగే పంపవచ్చు. హైదరాబాద్‌లోని ట్రంకు మీదుగా పోతే ముందు 08468 చేర్చాలి, లేకపోతే ఆ ఆరంకెలకు అక్కడ అర్థం లేదు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు 0 తప్పనిసరి అయింది. డయల్‌ప్లాన్‌లో ఒక వరుసలో సున్నా చేర్చి, 'డయల్‌ప్లాన్ రీలోడ్' అని కొడితే నడుస్తున్న కాల్స్ తెగకుండా కొత్త నియమం అమలవుతుంది. తీగ విప్పి మరోచోట కట్టిన కాలంతో పోల్చి చూస్తే ఈ ఒక్క వరుస విలువ తెలుస్తుంది.

రాగి తీగను ఆస్టరిస్క్‌కు కలపడంలో మాత్రం ఈ దేశానికే చెందిన చిక్కులు ఉన్నాయి. అవతలివాళ్లు ఫోను పెట్టేసినా పాత లైన్ల మీద ఆ కబురు సర్వర్‌కు స్పష్టంగా అందకపోవచ్చు. అప్పుడు బిజీ టోను విని తెలుసుకోవాలి. భారతదేశంలో ఆ టోను 400 హెర్ట్జ్, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. ఆస్టరిస్క్‌తో వచ్చే టోన్ల ఫైలులో భారతదేశానికి ప్రత్యేక భాగం ఉంది, అందులో ఈ కొలత మిల్లీసెకన్లలో రాసి ఉంటుంది. చాలా దేశాల్లో పిలిచినవారి నంబరు మొదటి గంట తర్వాత వస్తుంది. ఇక్కడి లైన్ల మీద అది గంటకు ముందే, మీటలు నొక్కినప్పుడు వచ్చే శబ్దాల రూపంలో వచ్చేది. దీనికోసం కార్డు ఫైలులో భారతదేశం పేరుతోనే ఒక ప్రత్యేక విలువను ప్రోగ్రామర్లు చేర్చారు. మూలరాత తెరిచి ఉండడం వల్ల కలిగే లాభానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు. ఒక దేశపు లైన్ల తీరును గమనించినవాళ్లు దాన్ని ప్రోగ్రాములో చేర్చగలిగారు, ప్రపంచంలోని ప్రతి ప్రతిలోనూ అది ఉంది.

గల్ఫ్ కాల్స్ గిరాకీ ఈ సాంకేతికతను చట్టవిరుద్ధమైన దారిలోకి కూడా లాగింది. విదేశం నుంచి ఇంటర్నెట్ మీద వచ్చిన కాల్‌ను పదుల సిమ్ కార్డులున్న పెట్టె ద్వారా స్థానిక మొబైల్ కాల్‌గా మార్చేవారు. ఫోనులో దుబాయి నంబరుకు బదులు తెలియని స్థానిక నంబరు కనిపించేది. విదేశీ కాల్‌ను అందుకున్నందుకు ఇక్కడి కంపెనీకి దక్కవలసిన రుసుము ఇలా ఎగ్గొట్టేవారు. ఆ రుసుము 2015 మార్చి నుంచి నిమిషానికి 53 పైసలు, 2018 ఫిబ్రవరి నుంచి 2020 దాకా 30 పైసలు ఉండేది. హైదరాబాద్‌లో పోలీసులు, టెలికాం అధికారులు ఇలాంటి అక్రమ ఎక్స్చేంజీలను పట్టుకున్న వార్తలు పత్రికల్లో పలుమార్లు వచ్చాయి. కాల్ ఎక్కడిదో తేల్చలేకపోవడం భద్రతకు కూడా ముప్పు గనుక ఇంటర్నెట్ కాల్‌ను మామూలు నెట్‌వర్క్‌లో కలపకూడదన్న నియమం గట్టిగా ఉండడంలో న్యాయం ఉంది. కానీ అదే నియమం నిజాయితీగా పనిచేసే చిన్న సంస్థల కాళ్లకూ అడ్డం పడింది. కాల్ సెంటర్లు ప్రత్యేక నమోదు చేయించుకోవలసి వచ్చేది, ఇంటర్నెట్ లైన్లూ మామూలు లైన్లూ సర్వర్‌లో కలవకుండా గోడ కట్టవలసి వచ్చేది. 2018లో లైసెన్సు ఉన్న కంపెనీలకు ఇంటర్నెట్ టెలిఫోను సేవ దారి తెరుచుకుంది. 2020 నవంబరులో కాల్ సెంటర్ల నమోదు రద్దయింది, 2021 జూన్‌లో మరికొన్ని అడ్డంకులు తొలగాయి.

ఈ సర్వర్ పల్లెకు ఏం చేయగలదో చూపిన ప్రయత్నం తెలంగాణ సరిహద్దుకు ఆవల ఛత్తీస్‌గఢ్‌లో జరిగింది. 2010లో పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ పరిశోధకుడు బిల్ థీస్ తదితరులు సీజీనెట్ స్వర అనే ఫోను సేవ మొదలుపెట్టారు. గోండు గ్రామస్థులు ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే సర్వర్ తిరిగి పిలిచేది. రేషను అందలేదనో, జీతం రాలేదనో చెబితే రికార్డు చేసుకుని, పరిశీలించాక అందరికీ వినిపించేది. చదువు రానివారికి, స్మార్ట్‌ఫోను లేనివారికి అది పత్రిక అయింది. తిరిగి పిలిచే కాల్ ఖర్చు సర్వర్‌దే కావడం ఆ విజయంలో సగం.

తెలుగులో ఇలాంటి సేవ కట్టాలంటే గొంతు ఫైళ్లు కొత్తగా రికార్డు చేయాలి. లైను మీదికి వెళ్లేది సెకనుకు 8,000 నమూనాల శబ్దం గనుక స్టూడియో నాణ్యత అక్కర్లేదు, స్పష్టమైన ఉచ్చారణ కావాలి. అసలు కష్టం అంకెలతో. ఇంగ్లీషు పద్ధతిలో ఒకే 'వంద' ఫైలును అన్నిచోట్లా అతికించడం తెలుగులో కుదరదు. వంద, నూట ఒకటి, రెండు వందలు, రెండు వందల ఒకటి అని నాలుగు రూపాలు పలకాలి. పది లక్షలను వేయి వేలుగా చదివితే వినేవాళ్లకు లెక్క అందదు. ధాన్యం తూకమో, పింఛను మొత్తమో వినిపించే సర్వర్‌లో ఈ నియమాలను డయల్‌ప్లాన్‌లో గానీ, దానికి జతచేసిన చిన్న ప్రోగ్రాములో గానీ విడిగా రాసుకోవాలి. ఈ పని శ్రద్ధగా చేయనిచోట యంత్రం పలికే తెలుగు వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఆదేశాలు కూడా కాలంతో మారాయి. 'షో చానెల్స్' అని ఉన్నది 1.4 నుంచి 'కోర్ షో చానెల్స్' అయింది. ఫోన్లు నమోదయ్యాయో లేదో చూసే 'సిప్ షో పీర్స్'ను ఒక తరం అడ్మిన్లు నిద్రలో కూడా టైపు చేయగలిగేంతగా వాడారు. 2013లో వచ్చిన 12వ వెర్షన్‌తో ఆ ఆదేశం వెనుకనున్న సిప్ భాగానికి బదులుగా పీజేసిప్ అనే కొత్త భాగం వచ్చింది. 2023లో వెలువడిన 21వ వెర్షన్‌లో పాత భాగాన్ని పూర్తిగా తీసేశారు. ఇప్పుడు 'పీజేసిప్ షో ఎండ్‌పాయింట్స్' అనాలి, ఫైళ్లు కూడా కొత్త పద్ధతిలో తిరగరాయాలి. ఆ శ్రమకు జంకి గడువు ముగిసిన పాత వెర్షన్ల మీదే నడిచే సర్వర్లకు భద్రతా సవరణలు అందవు. అవి వినే 5060 పోర్టును ప్రపంచంలో ఎక్కడినుంచో ప్రోగ్రాములు రాత్రింబగళ్లు తడుముతూ ఉంటాయి. పాస్‌వర్డు బలహీనంగా ఉన్న ఒక్క నంబరు దొరికితే తెల్లారేసరికి విదేశాలకు వేల రూపాయల కాల్స్ వెళ్లిపోతాయి, బిల్లు మాత్రం సర్వర్ యజమానిది. అందుకే తెలిసిన అడ్మిన్లు విదేశీ కాల్స్ దారిని డయల్‌ప్లాన్‌లోనే మూసేస్తారు, తప్పుడు ప్రయత్నాలు చేసే చిరునామాలను ఫెయిల్‌టుబ్యాన్ అనే ప్రోగ్రాముతో అడ్డుకుంటారు, పొద్దున్నే లాగ్ ఫైలు తెరిచి రాత్రి ఎవరెవరు తలుపు తట్టారో చూస్తారు.